చెయ్యెత్తి సాగే దారిలో బెన్ ఎయ్ కొండకి

మా ఆయన రఘుకి చూపు అంచుల నుంచి తగ్గుతూ వస్తోంది. ఇప్పుడు గొట్టంలోంచి చూసినట్టు మధ్యలో కొంచెమే మిగిలింది. పోయిన చలికాలం కంటి ఆసుపత్రిలో నర్సు, "చూడాలనుకున్నవి ఏవైనా ఉంటే వాయిదా వెయ్యకండి" అంది. తాజ్‌మహల్ అంటాడేమో అనుకున్నాను. "బెన్ ఎయ్" అన్నాడు. స్కాట్లండ్ ఉత్తరాన, పెళ్ళయిన కొత్తలో మేమిద్దరం టెంటు వేసుకున్న కొండ అది. అప్పుడు కారు నడిపింది తనే. ఇప్పుడు లైసెన్సు వెనక్కి ఇచ్చేశాడు. బర్మింగ్‌హామ్‌లో ఆఫీసుకీ సూపర్‌మార్కెట్‌కీ తప్ప కారు తియ్యని నేను, జూన్‌లో ఒక శుక్రవారం ఆ దారి పట్టాను.

మొదటి రోజు చాలావరకు మోటర్‌వే. గ్లాస్గో, పెర్త్ దాటి ఇన్వర్‌నెస్ చేరేసరికి, మధ్యమధ్య ఆగుతూ, పదకొండు గంటలు పట్టింది. రాత్రికి ఎనభై పౌండ్ల హోటల్ గది. పెట్రోలు అక్కడే నింపుకోండి, ముందుకు వెళ్ళేకొద్దీ బంకులు తగ్గుతాయి, ధర పెరుగుతుంది. మర్నాడు పదింటికి బయల్దేరితే గంటన్నరలో కిన్‌లాక్యూ అనే చిన్న ఊరు వచ్చింది. అది దాటాక రోడ్డు ఒక్క బండి పట్టేంతే. అక్కడక్కడా పక్కకి తప్పుకోవడానికి కాస్త జాగా, 'పాసింగ్ ప్లేస్' అని బోర్డు. ఆ జాగా ఎవరికి దగ్గరైతే వాళ్ళు ఆగుతారు, దాటి వెళ్ళేవాళ్ళు చెయ్యెత్తి థాంక్స్ చెబుతారు. మొదటి వ్యాను మా కోసం ఆగినప్పుడు ఊపిరి బిగబట్టి దాటేశాను.

"చెయ్యెత్తావా?" అన్నాడు రఘు.

"స్టీరింగ్ వదిలితే కదా!"

"పరువు తీశావు సుధా. బర్మింగ్‌హామ్ వాళ్ళకి మర్యాద తెలీదనుకుంటారు. నువ్వు నడుపు, చెయ్యి నేనెత్తుతా. ఎప్పుడో చెప్పు."

అదీ మా ఒప్పందం. నేను "ఇప్పుడు" అంటే తను చెయ్యెత్తాలి. ఒక్కోసారి నేను ఆలస్యంగా అనేదాన్ని, తన థాంక్స్ కాస్తా గట్టు మీది గొర్రెలకి చేరేది. చాలా రోజుల తర్వాత ఇద్దరం గట్టిగా నవ్వుకున్నాం.

కొండ కింది క్యాంప్‌సైట్‌లో టెంటు జాగాతో కలిపి ఇద్దరికీ ఇరవై ఎనిమిది పౌండ్లు. "మిడ్జెస్‌కి నెట్ టోపీలు తెచ్చుకున్నారా?" అని అడిగింది అక్కడ చూసుకునే ఆవిడ. నలుసంత ఉండి దోమల్లా కుట్టే పురుగులవి. లేదన్నాను. "అయితే ఇవాళ డిన్నర్ మీది కాదమ్మా, వాటిది" అని నవ్వి, తన టోపీ ఒకటి ఇచ్చింది. కొండ ఉండాల్సిన చోట మబ్బు కూర్చుని ఉంది. కుర్చీలు వేసుకుని, ఇంటి నుంచి తెచ్చిన పులిహోర తింటూ, సాయంత్రమంతా అటే చూశాం. అంటే నేను చూశాను.

"మబ్బు తొలగిందా?" అన్నాడు రఘు.

"ఇంకా లేదు."

సోమవారం నాకు ఆఫీసు. మాకున్నది ఆ ఒక్క రాత్రే.

తెల్లవారి ఐదింటికి టెంటు జిప్పు తీస్తే, కొండ మొత్తం బయటికొచ్చి ఉంది. రఘుని లేపి, భుజాలు పట్టుకుని అటు తిప్పి నిలబెట్టాను. తను తల నెమ్మదిగా పక్కకీ, పైకీ కదిపాడు.

"పైన తెల్లగా ఉంది. మంచు కాదు, రాయి" అన్నాడు.

మొదటిసారి వచ్చినప్పుడు అది మంచేనని నాతో పందెం వేసి ఓడిపోయాడు. ఆ తెల్లరాయి సంగతి చూడకుండా కూడా చెప్పగలడు. నిజంగా కనిపిస్తోందా అని అడగబోయి ఆగిపోయాను. తన మొహం కొండవైపే ఉంది. కానీ తిప్పింది నేనే కదా.

"చాలు. ఇంక టీ పెట్టు" అన్నాడు.

తిరిగి వస్తున్నప్పుడు, అద్దంలో వెనక కొండ ఇంకా కనిపిస్తుంటే ఉండబట్టలేక, ఒక పాసింగ్ ప్లేస్‌లోకి తీసి కారు ఆపాను. ఎదురుగా బండి ఏదీ లేదు. నేనేమీ అనకుండానే రఘు చెయ్యెత్తాడు, నవ్వుతూ.

"వాళ్ళూ ఎత్తారా?"

ఖాళీ రోడ్డు వైపు చూశాను. "ఆ, ఎత్తారు" అన్నాను.

ఇంటికొచ్చి వారం దాటింది. తను నిజంగా చూశాడో, అంత దూరం నడిపానని నా కోసం చూసినట్టే మాట్లాడాడో, ఇంకా తేల్చుకోలేకపోతున్నాను. అడిగితే చెప్తాడు. అడగాలని కూర్చుంటాను, తను క్రికెట్ స్కోరు అడుగుతాడు, చదివి వినిపిస్తాను. రెండేళ్ళ క్రితమే వెళ్ళి ఉండాల్సిందా అన్న ఆలోచన మాత్రం రోజూ వస్తోంది.

మీరు వెళ్తే ఒక్క జాగ్రత్త. పాసింగ్ ప్లేస్ ఉన్నది దారి ఇవ్వడానికే, కొండ చూడటానికి అక్కడ ఆగకూడదు. నేను ఆగాను. మీరు మాత్రం ఆ రోడ్డెక్కక ముందే, కొండ కళ్ళెదుట ఉండగానే, తనివితీరా చూసుకుని బయల్దేరండి.