అతుకు మంచిదే

స్పిరిట్ వాసన సోకితే అందరికీ ఆసుపత్రి గుర్తొస్తుందేమో గానీ, నాకు నా తెలివే గుర్తొస్తుంది. మొన్న మా నిజామాబాద్ ఆఫీసులో ఎవరో ఇంటర్నెట్ కేబుల్ అతికే ముందు అందులోని గాజుపోగు తుడవడానికి ఆ సీసా మూత తీశారు. నేను తల దించుకున్నాను.

నేను చేరిన కొత్తలో మా దగ్గర ఆ అతుకులు వేసేది యాదగిరన్న. నిజామాబాద్ నుంచి బోధన్ దాకా, కాలువ గట్టు వెంట, చెరకు చేల మధ్య, ప్రతి అతుకూ ఆయన చేతిదే. నాకు పని నేర్పిందీ ఆయనే. రెండు ఊళ్ళ రౌటర్లు ఒకదాన్నొకటి “ఉన్నవా?” అని పలకరించుకుంటాయి. నలభై సెకన్లు జవాబు రాకపోతే అవతలిది పోయిందనుకుని ఆ దారి వదిలేస్తాయి. నలభై సెకన్లా అని నవ్వి, సెకనుకు ఇరవైసార్లు అడిగేలా, వరసగా మూడుసార్లు పలక్కపోతే పోయినట్టే అనుకునేలా మార్చాను. కోర్సు చదివొచ్చిన కొత్త; వేళ్ళకు ఉన్నంత వేగం బుర్రకు లేదు.

మర్నాడు పని పెరగగానే బోధన్‌లోని పాత రౌటరు పలకడానికి కాస్త తడబడింది. మా రౌటరు వెంటనే అది పోయిందంది, మరుక్షణం వచ్చిందంది. బోధన్ అంతటా ఇంటర్నెట్ దాగుడుమూతలు. మా ఆఫీసు పెద్ద సారు అడిగితే, అతుకు వదులైనట్టుందని చెప్పాను. అప్పటికే నా సెట్టింగు మీద నాకు సగం అనుమానం. మిగతా సగాన్ని అడ్డం పెట్టుకున్నాను. యాదగిరన్నకు అందరి ముందూ చీవాట్లు పడ్డాయి. మూడు రోజులు ఎండలో అతుకులన్నీ విప్పి మళ్ళీ వేశాడు.

నాలుగో రోజు నా వెనక నిలబడి తెర చూశాడు.

“తమ్మీ, ముసలోన్ని పిలిస్తె జర దగ్గి పలుకుతడు. గంతట్లనే పోయిండంటవా?”

గడువు పెంచాను. రోగం నయమైంది. సారు నన్ను మెచ్చుకుని, ఆయన్ను అతుకుల పని తప్పించి స్టోరుకు పంపాడు. చేతికున్న చొరవ నోటికి లేకపోయింది. ఆయన రిటైరైన రోజు పక్కకు పిలిచి, తప్పు నాదేనన్నాను.

“నాకెందుకు చెప్తున్నవ్? నాకెర్కనే గద. ఎర్క లేనోళ్లకు చెప్పు.”

ఇప్పుడు సారు కుర్చీలో నేనున్నాను. నా మీద చిన్న కక్ష ఒకటి తీర్చుకున్నాను. బోధన్ రౌటరులోకి ఎవరు వెళ్ళినా మొదట కనబడేచోట, ఇంగ్లీషు అక్షరాల తెలుగులో, నా పేరు పెట్టి రాశాను: యాదగిరన్న అతుకులు గట్టివి, అతకని మాట చెప్పింది నేను. కొత్తగా చేరిన ప్రతివాళ్ళ చేతా అది పైకి చదివిస్తాను. పక్కనే కూర్చుని వింటాను.