ఆర్లో బాబాయి కొన్న సొట్టల ట్రైలర్

ఆర్లో ష్రాగ్ బాబాయి బాగున్న వస్తువు కొనడు. డబ్బు లేక కాదు, పిసినారితనం అంతకన్నా కాదు. బాగున్న వస్తువంటే ఆయనకు ఆసక్తి లేదు, అంతే. శనివారాలు మా ఊళ్ళో జనం ఇంటి ముందు గడ్డిమీద పాత సామాన్లు పరిచి అమ్ముకుంటారు. బాబాయి ఒక్కో వస్తువునీ చేతిలోకి తీసుకుని, చెవి దగ్గర ఆడించి, "దీనికేం జబ్బు?" అని అడుగుతాడు. "ఏమీ లేదు, బ్రహ్మాండంగా పనిచేస్తుంది" అన్నారో, అక్కడ పెట్టేసి, ఆ ఇంటివాళ్ళకేదో కష్టం వచ్చినట్టు తల ఊపి వెళ్ళిపోతాడు.

ఒకసారి ఐలీన్ గోరింగ్ అతితెలివికి పోయి, నిక్షేపంలా తిరిగే ఫ్యాను తిరగదని చెప్పి అంటగట్టింది. మర్నాడు పొద్దున్నే బాబాయి ఆమె గుమ్మంలో ఉన్నాడు. "ఊడదీసి చూశానమ్మా. దీనికి ఏ రోగమూ లేదు. మోసం చేశావు" అని ఫ్యాను అక్కడ పెట్టి వెళ్ళాడు. మా కాన్సాస్‌లో కొన్న వస్తువు పనిచేస్తోందని తిరిగిచ్చేసిన మనిషి ఆయనొక్కడే అయ్యుంటాడు.

మా నాన్నకు ఆయన చిన్ననాటి స్నేహితుడు కాబట్టి నేను బాబాయి అంటాను. నన్ను చూసి ఊరంతా అదే పిలుపు పట్టుకుంది. నా ఉద్యోగం కౌంటీ ఆఫీసులో, బళ్ళ కాగితాలిచ్చే కిటికీ వెనక. కిటికీ, నేను, ఎటు తిరిగినా కిర్రుమనే ఒక కుర్చీ. ఇరవై ఆరేళ్ళుగా మా ముగ్గురిదీ ఒకటే సంసారం.

వడగళ్ళు పడో చెట్టు విరిగో బండి నుజ్జయితే, బాగుచేయించడం దండగని ఇన్సూరెన్సు వాళ్ళు సొంతదారుకు పరిహారమిచ్చి శవాన్ని పట్టుకుపోతారు. అప్పటి నుంచి ఆ బండి కాగితం మీద "సాల్వేజ్" అని ముద్ర ఉంటుంది. ఎవరైనా దాన్ని కొని బాగుచేసి, ఇన్‌స్పెక్టరుకు చూపించి ఒప్పిస్తే, ఆ ముద్ర పోయి "తిరిగి కట్టినది" అనే ముద్ర పడుతుంది. అంతేగానీ కాగితం మళ్ళీ జన్మలో శుభ్రం కాదు. మామూలు మనుషులు అలాంటి కాగితం తెస్తే వెనకాల ఎవరూ లేకుండా చూసుకుని మెల్లిగా కిటికీలోంచి తోస్తారు. బాబాయి మాత్రం కొడుక్కి ఫస్టు ర్యాంకు వచ్చిన కాగితంలా అరచేత్తో టపీమని కొట్టి పెట్టేవాడు. "వాండా, ఒక నకలు తియ్యమ్మా, మసగ్గా రాకుండా" అనేవాడు. ఆ నకళ్ళకు అద్దాలు కట్టించి ముందుగదిలో తగిలించాడు. అందరిళ్ళలో పిల్లల పట్టాలు వేలాడే చోట వాళ్ళింట్లో పదిహేడు సాల్వేజ్ కాగితాలు వేలాడుతుంటాయి.

ఆయన భార్య లవెర్నాను ఇదంతా ఎలా భరిస్తున్నావు పిన్నీ అని అడిగాను. "నా చెయ్యి విరిగి కట్టులో ఉన్నప్పుడే కదే నన్ను పెళ్ళి చేసుకోమని అడిగాడు. కట్టు విప్పేదాకా ఆగమంటే వినలేదు" అంది బీరాక్ అనే కూర కూరిన రొట్టెల్లోకి క్యాబేజీ తరుగుతూ.

ఇక ట్రైలర్ సంగతి. అది డెల్బర్ట్, నోరీన్ పెన్నర్ దంపతులది. డెల్బర్ట్ నలభై ఏళ్ళు స్కూలు బస్సు నడిపాడు, నోరీన్ ఆ స్కూల్లోనే వంట చేసింది. రిటైరైన రోజునే ట్రక్కు వెనక తగిలించుకుని లాక్కెళ్ళే చిన్న క్యాంపర్ ట్రైలర్ కొన్నారు. దాని తలుపున్న పక్క గోడ మీద దేశపటం గీతలు అంటించి, వెళ్ళిన రాష్ట్రానికల్లా ఒక రంగు స్టిక్కరు వేసుకుంటూ వచ్చారు. ట్రైలర్లున్న వాళ్ళందరూ చేసే పనే. నోరీన్ నియమం మాత్రం కఠినం. ఆ రాష్ట్రంలో, ఆ ట్రైలర్లో, రాత్రి నిద్ర చేస్తేనే స్టిక్కరు. పగలు దాటిపోతే లెక్కలోకి రాదు.

దేశం దాటకుండా రోడ్డు మీద పోగలిగిన నలభై ఎనిమిది రాష్ట్రాల్లో నలభై ఏడు నిండాయి. మిగిలింది రోడ్ ఐలాండ్. ఆరేళ్ళ క్రితం అక్కడికి వెళ్ళారు కూడా. వెళ్ళి ఆగకుండా వచ్చేశారు. "ఇంత చిన్న రాష్ట్రంలో పడుకుంటే నా కాళ్ళు పక్క రాష్ట్రంలోకి వస్తాయే" అని డెల్బర్ట్ ఒక జోకు వేసి, కనెటికట్ వెళ్ళి పడుకున్నాడు. ఆ జోకుకు నోరీన్ అప్పుడూ నవ్వలేదు, ఆరేళ్ళలో ఏనాడూ నవ్వలేదు. పటంలో గోరంత ఖాళీ అలాగే ఉండిపోయింది.

మే నెలలో వడగళ్ళు పడ్డాయి. ఒక్కోటి నిమ్మకాయంత. పెన్నర్ల ట్రైలర్ కప్పు జల్లెడైంది. ఇన్సూరెన్సు మనిషి వచ్చి చూసి పెదవి విరిచాడు. డెల్బర్ట్ చూపించిన చోటల్లా సంతకాలు పెట్టాడు. కావాలంటే ట్రైలర్‌ను మన దగ్గరే ఉంచుకోవచ్చని ఆ కాగితంలోనే ఒక గడి ఉంటుంది. ఆయన అద్దాలు ఇంట్లో మర్చిపోయి ఆ గడి చూడలేదు. మూడో రోజు లారీ వచ్చి ట్రైలర్‌ను ఎత్తుకుపోతుంటే నోరీన్ గుమ్మంలో నిలబడి చూసింది. మొగుణ్ణి ఒక్క మాట అనలేదు. ఆమె తిట్టలేదంటే దెబ్బ లోతుగా తగిలిందని డెల్బర్ట్‌కు అర్థమైంది. పైగా ఆయనకు డెబ్భై తొమ్మిది. వచ్చే ఏడాది నుంచి వెనక బండి తగిలించుకుని నడపడం మానుకోవాలని కంటి డాక్టరు చెప్పేశాడు. రోడ్ ఐలాండ్ చూస్తే ఈ ఏడే చూడాలి, లేకపోతే లేదు.

జూన్‌లో విచిటా దగ్గర, ఇన్సూరెన్సు వాళ్ళు అలా పట్టుకుపోయిన బళ్ళ వేలం. బాబాయి వెళ్తున్నాడని తెలిసి లవెర్నా పిన్ని నన్ను తోడు పంపింది, ఆయన చెయ్యి పైకి లేవకుండా పట్టుకోమని. పట్టుకున్నాను కూడా. పెన్నర్ల ట్రైలర్ వంతు వచ్చింది. కప్పు సగం లేదు, పక్కనంతా సొట్టలు, సొట్టల మధ్యన నోరీన్ పటం. టోపీ పెట్టుకున్న ఒకాయన కోళ్ళగూడు చేసుకుందామని పాట మొదలెట్టాడు. బాబాయి "దీనికేం జబ్బు?" అని ఒక్కసారైనా అడగలేదు. నేను కుడిచెయ్యి పట్టుకుంటే ఎడమచెయ్యి ఎత్తాడు. కోళ్ళాయన తప్పుకునేదాకా దించలేదు.

దారి పొడుగునా నేను ఆయన్ని దులిపేశాను. నలభై ఏళ్ళ స్నేహితుడి ట్రైలర్, గోడమీద పద్దెనిమిదో కాగితం కోసం కొంటావా అన్నాను. రేపు నోరీన్ దీన్ని నీ దొడ్లో చూస్తే ఆవిడ మనసెలా ఉంటుందో ఆలోచించావా అన్నాను. ఆయన అద్దంలోంచి వెనక వస్తున్న ట్రైలర్‌ను చూసుకుని మురిసిపోతూ బండి నడిపాడు. చివరికి మా ఇంటి ముందు ఆపి, "జబ్బు బాగా ముదిరింది వాండా" అన్నాడు. నీకా దానికా అని తలుపు ధడాలున వేసి దిగిపోయాను. పెన్నర్లకు మాత్రం నా నోటితో చెప్పలేకపోయాను.

ట్రైలర్‌ను గోధుమల షెడ్డులో పెట్టి తలుపు మూశాడు. వేసవంతా అందులోంచి సుత్తి చప్పుడే. పుట్టి బుద్ధెరిగి కౌంటీ పొలిమేర దాటి ఒక్క రాత్రి పడుకోని మనిషికి ప్రయాణాల ట్రైలరేంటని ఊళ్ళోవాళ్ళు కాఫీ హోటల్లో పగలబడి నవ్వుకున్నారు. ఆగస్టులో ఒకరోజు ఉండబట్టలేక వెళ్ళాను. లవెర్నా పిన్ని నిచ్చెనెక్కి, గడ్డికి నీళ్ళు పెట్టే గొట్టంతో ట్రైలర్ కప్పు మీద ధారగా పోస్తోంది. బాబాయి లోపల మంచం మీద వెల్లకిలా పడుకుని, ఒంటి నిండా న్యూస్‌పేపర్లు పరుచుకుని, చుక్క పడుతుందేమోనని కప్పుకేసి చూస్తున్నాడు. అలా మూడు గంటలట. "పెళ్ళయి నలభై నాలుగేళ్ళకి ఈ మనిషి నెత్తిన నీళ్ళు పోసే అవకాశం వచ్చిందే. అదీ మధ్యలో కప్పు అడ్డం" అంది పిన్ని పైనుంచి.

చుట్టూ తిరిగి చూశాను. మూడు పక్కలా కొత్త రేకు తళతళలాడుతోంది. తలుపున్న పక్క మాత్రం పాత రేకే, అన్ని సొట్టలూ అలాగే ఉన్నాయి.

"ఇదేంటి బాబాయ్, ఈ పక్క వదిలేశావు?" అన్నాను.

"రేకు మారిస్తే పటం పోదూ?" అన్నాడు లోపల్నుంచి. "టెక్సాస్‌లో మూడు సొట్టలున్నాయి, ఉండనీ. అంత పెద్ద రాష్ట్రానికి అవి లెక్కేం కాదు."

చిల్లులు పడిన చోటల్లా వెనకనుంచి అతుకు వేసి, ఒక్క స్టిక్కరు చిరగకుండా కాపాడాడు. నేను వేలంనాడు అన్న మాటలన్నీ నాకు ఒక్కొక్కటే గుర్తొచ్చి సిగ్గేసింది. ఆ సంగతి చెప్పబోతే, పేపరు మీద ఏదో చుక్క పడినట్టుందని నన్ను కదలొద్దన్నాడు. అది ఆయన చెమట.

సెప్టెంబరులో ఇన్‌స్పెక్టరు వచ్చాడు. లైట్లు చూశాడు, బ్రేకులు చూశాడు, రసీదులన్నీ చూశాడు. సొట్టల పక్కకు వచ్చి ఆగిపోయాడు. ఇది బాగుచేయలేదేమని అడిగితే బాబాయి నెమ్మదిగా పటం చూపించి, వేలు రోడ్ ఐలాండ్ మీద పెట్టాడు. ఇన్‌స్పెక్టరు కాసేపు చూసి, సొట్టలున్నంత మాత్రాన బండి నడవకుండా పోదని రాసి సంతకం పెట్టాడు. ఆయనకూ ఇంటి దగ్గర ఒక ట్రైలర్ ఉందట.

మర్నాడు బాబాయి నా కిటికీ ముందు కాగితం టపీమని కొట్టి పెట్టాడు. "తిరిగి కట్టినది" ముద్ర వేశాను. నకలు తీయబోతుంటే ఆగమన్నాడు. కాగితం తిప్పి, వెనకవైపు పేరు మార్పు చోట తనే పూర్తిచేసి తెచ్చిన వరస చూపించాడు. కొత్త సొంతదారు నోరీన్ పెన్నర్.

"డెల్బర్ట్ పేరు రాయలేదేం బాబాయ్?"

"వాడికి పౌరుషం ఎక్కువమ్మా. ఈవిడకి రోడ్ ఐలాండ్ ఎక్కువ" అన్నాడు.

ఆ సాయంత్రమే ట్రైలర్‌ను పెన్నర్ల వాకిట్లో పెట్టాం. డెల్బర్ట్ బయటికొచ్చాడు. చూశాడు. ముఖం కందగడ్డయింది.

"ఒరేయ్ ఆర్లో, నేనెవడి దగ్గరా దానాలు పుచ్చుకోను."

"దానమెవడిస్తున్నాడ్రా?" అన్నాడు బాబాయి. "దీనికింకా ఏదో జబ్బుందని నా అనుమానం. గొట్టంతో పోస్తే తేలట్లేదు. సముద్రం పక్కన పెట్టి నిజం వానలో ఒక రాత్రి పడుకుని చూడాలి. నా ట్రక్కు రాత్రిపూట కౌంటీ దాటదు."

"ఏ సముద్రం?"

"ఏదైనా ఒకటే. చిన్న రాష్ట్రమైతే వెతుక్కోవడం తేలిక."

డెల్బర్ట్ ఇంకేదో అనబోయాడు. ఈలోగా నోరీన్ వచ్చి పటం మీద చెయ్యి వేసింది. ఒక్కో సొట్టనీ, ఒక్కో స్టిక్కరునీ తడిమింది. నేను కాగితం ఆమె చేతికిచ్చాను. రెండుసార్లు చదువుకుంది.

"డెల్బర్ట్, ఇందులో నీ పేరు లేదు" అంది. "దానం వద్దనుకుంటే నువ్వు ఇంట్లో ఉండు. నేను నా ట్రైలర్లో వెళ్తున్నాను. ట్రక్కు నడపడానికి మనిషి కావాలి, జీతం ఉండదు."

తర్వాత ముద్ర చూసి, రెండు మోకాళ్ళూ మార్పించుకున్న మొగుడి వైపు తిరిగింది. "తిరిగి కట్టినది అట. నీకూ ఒకటి వేయిద్దాం" అంది. నాలుగు నెలల తర్వాత ఆవిడ అన్న మొదటి ఎత్తిపొడుపు అది. డెల్బర్ట్ ముఖం ఒక్కసారిగా విప్పారింది. వెంటనే ట్రక్కు తాళాలు తీసుకున్నాడు.

అక్టోబరు రెండో వారంలో నా కిటికీకి ఒక కవరొచ్చింది. లోపల ఒక ఫొటో ఉంది. సొట్టల పటం, అందులో గోరంత ఎర్ర స్టిక్కరు, దాని పక్కన నోరీన్ బొటనవేలు. వెనక డెల్బర్ట్ రాత: "రాత్రంతా వాన. ఒక్క చుక్క కారలేదు. నా కాళ్ళు ఈ రాష్ట్రంలోనే పట్టాయి." కింద నోరీన్ రాత: "ఈ జోకుకు నవ్వాను."

కబురు పెడితే బాబాయి వచ్చి అది నిలబడి చదివాడు. టోపీ తీసి, మళ్ళీ పెట్టుకున్నాడు.

"అయితే దానికింక ఏ జబ్బూ లేదన్నమాట" అన్నాడు.

నలభై ఏళ్ళుగా ఆ మాట ఆయన నోట నిట్టూర్పుగానే విన్నాను. ఆ రోజు ఆయన దాన్ని ఛాతీ విరుచుకుని అన్నాడు. నాకూ అంతే గర్వంగా ఉంది. అడక్కుండానే ఫొటోకు రెండు నకళ్ళు తీశాను. ఒకటి ఆయన గోడకు, ఒకటి నా కిటికీకి. అది ఇప్పటికీ అక్కడే ఉంది. సాల్వేజ్ కాగితం తెచ్చి గొంతు తగ్గించే వాళ్ళకు ముందు దాన్నే చూపిస్తాను.

ఆ రోజు ఆయన నకలు ఇచ్చేసి ఇటు తిరిగితే కుర్చీ కిర్రుమంది. గుమ్మం దాకా వెళ్ళిన బాబాయి ఆగి, వెనక్కి వచ్చి, కిటికీలోంచి తల లోపలికి పెట్టాడు.

"దీనికేం జబ్బు?"

"చాలా పెద్ద జబ్బు బాబాయ్" అన్నాను లేచి. "తీసుకెళ్ళు."

ఆ వారమంతా నిలబడే పనిచేశాను.