ఎగువ వీధి లెక్క

ఊళ్లో అందరూ ఆయన్ని మాస్టారనే పిలిచేవారు. పదేళ్లకోసారి జనాభా లెక్కల పని కూడా ఆయన నెత్తినే పడేది. పిల్లల చేతిరాతలో దీర్ఘం ఒకటి తప్పితే ఊరుకోని ఆ మనిషి, పోయినసారి ఎగువ వీధి దగ్గరికి వచ్చేసరికి చేతులెత్తేశాడు. ఎండ మాడు పగలగొడుతోంది, కాళ్లు పీకుతున్నాయి, ఎదురుగా నిట్టనిలువు గట్టు. కిందనే కిరాణా కొట్టు అరుగు చల్లగా ఉంది. ఇంకేం, చతికిలబడ్డాడు.

"గట్టు మీది పద్నాలుగు ఇళ్లూ నాకు కొట్టిన పిండి మాస్టారూ! నేను చెప్తుంటాను, మీరు రాసుకోండి," అన్నాడు కొట్టాయన.

కొట్టాయనకు తెలిసింది కొట్టుకొచ్చే మనుషులే. ఉప్పుకీ సబ్బుకీ ఏ ఇంటి నుంచి ఎవరెవరు వస్తారో వేళ్లు మడిచి చెప్పాడు. చంటిపిల్లలు, మంచం పట్టిన ముసలివాళ్లు కొట్టుకు రారు కాబట్టి లెక్కలోకీ రాలేదు. అరగంటలో పని అయిపోయింది. ఊరు మొత్తం నాలుగు వందల తొంభై ఒకటి అని తేలింది.

మరుసటి ఏడాది బస్సు కోసం అర్జీ పెడితే, ఐదు వందల మంది లేని ఊరికి బస్సు వెయ్యరని జవాబొచ్చింది. ఆ కాగితం అందరికీ చదివి వినిపించింది మాస్టారే. ఆ సాయంత్రమే ఎవరికీ చెప్పకుండా గట్టెక్కి ఇల్లిల్లూ చూసొచ్చాడు. పదహారు మంది తేడా. నోరు విప్పితే ఉద్యోగం ఊడుతుంది. విప్పలేదు. అక్కడితో ఆగినా బాగుండేది. ఏటా కొత్త అర్జీ రాసేదీ ఆయనే. "మా మాస్టారు ఉండబట్టి గానీ!" అని జనం దండాలు పెడుతుంటే సిగ్గుతో చచ్చిపోయేవాడు. ఎంత సిగ్గుపడ్డా నిజం చెప్పేటంత కాదు, అదీ సంగతి.

ఎగువ వీధిలో ఒక దర్జీ ఉండేవాడు. తల్లికి పక్షవాతం. నెలకోసారి ఆస్పత్రికి తీసుకెళ్లాలంటే ముందు ఆరు కిలోమీటర్ల దూరంలో ఉన్న పెద్ద రోడ్డుకు చేరాలి. ఆవిడను సైకిలు వెనక కూర్చోబెట్టి, జారిపోకుండా పాత దుప్పటితో తన నడుముకు కట్టుకుని తొక్కేవాడు. బడి కిటికీలోంచి ఆ సైకిలు కనపడినప్పుడల్లా మాస్టారు బోర్డు వైపు తిరిగి నిలబడేవాడు. పోయిన వానాకాలంలో ఒకరోజు చక్రం బురదలో దిగబడిపోయింది. రోడ్డుకు చేరేలోపే ఆవిడ ప్రాణం పోయింది.

ఇప్పుడు మళ్లీ లెక్కలొచ్చాయి. ఈసారి మాస్టారు గడప గడపా ఎక్కి దిగాడు. ఉయ్యాల్లో నిద్రపోతున్న పసిగుడ్డును కూడా వదల్లేదు. ఏం లాభం? బస్సు లేని ఊళ్లో ఎవరుంటారు, ఇళ్లకిళ్లు తాళాలు పడ్డాయి. నాలుగు వందలు దాటితే గొప్పేనని ఎగువ వీధికి చేరకముందే తేలిపోయింది.

దర్జీ ఇంట్లో కుట్టుమిషను గోనెపట్టాలో చుట్టి ఉంది.

"మేమూ రేపు వెళ్లిపోతున్నాం మాస్టారూ. అయినా మా నలుగుర్నీ రాసేసుకోండి. మా అమ్మను కూడా రాయండి. పోయినసారి లెక్కలో ఉందిగా, అలాగే ఉంచేయండి. ఎవరొచ్చి చూస్తారు? ఊరికి బస్సన్నా వస్తుంది."

మాస్టారు సరేనంటే సరిపోయేది. అనలేకపోయాడు.

"మీ అమ్మ పోయినసారి లెక్కలో లేదయ్యా," అన్నాడు. "నేను గట్టెక్కలేదు. కొట్టు అరుగు మీద కూర్చుని రాశాను. మీ వీధిలో పదహారు మందిని వదిలేశాను. బస్సు రాకపోవడం నా వల్లే."

దర్జీ తిడతాడనుకున్నాడు. చొక్కా పట్టుకుని నాలుగు తగిలిస్తే బాగుండునని కూడా అనిపించింది. దర్జీ మాత్రం మూలనున్న ఖాళీ మంచం వైపు చూశాడు.

"అప్పటికే ఆ మంచంలో ఉంది కదా మాస్టారూ," అన్నాడు. "తనంతట తాను ఎక్కడికీ కదల్లేదు. మీరు ఏ వేళప్పుడు వచ్చినా ఇంట్లోనే దొరికేది."