మంచుదేశం పిల్ల వెనక దాచిన ఫోటో

ముందే ఒప్పుకుంటున్నాను, నేను ఉన్నదాన్ని ఉన్నట్టు చెప్పే మనిషిని కాదు. ఆ రోజుల్లో కువైట్‌లోని జహ్రాలో ఎండ ఎంతంటే, నీడ కూడా నీడ వెతుక్కునేది అంటాను. మీరు సగం తీసేసి చదువుకోండి, నాకేం కోపం రాదు.

ఇరవై ఏళ్ల వయసులో అక్కడొక ఫోటో స్టూడియోలో ఫ్లాష్ లైట్లు మోసేవాణ్ణి. ఫోటోగ్రాఫర్ మా కరీంనగర్ అన్న. ఆయన దగ్గరొక లావుపాటి పుస్తకం ఉండేది. ఎవరో ఫోటోగ్రాఫర్ మంచుదేశం వెళ్లి తీసిన ఇన్యూట్ పిల్లల బొమ్మలు దాన్నిండా. చేప నములుతూ ఒకతి, కుక్కపిల్లను కోటులో దాచుకుని ఒకడు, ముక్కు కారుతున్నా పట్టించుకోకుండా నవ్వుతూ ఇంకొకడు. "పిల్లల్ని కట్టెలెక్క నిలవెడితె అదొక ఫోటోనారా? గిట్ల దియ్యాలె, వాళ్ల పనిల వాళ్లున్నప్పుడు" అని రోజూ పాఠం చెప్పేవాడు. (ఆ పాఠం వెయ్యిసార్లు విన్నాను. సరే, పాతిక.)

మా చిన్నమ్మ అక్కడికి దగ్గర్లోనే ఒక కువైటీ ఇంట్లో పనిచేసేది. అక్కడి పనివాళ్లందరిలాగే యజమానిని బాబా అనీ, ఆయన భార్యను మామా అనీ పిలిచేది. ఆవిడ పుణ్యాన ఆ ఇంటి పిల్లల్ని తీసే అవకాశం నాకు దొరికింది. నేలమీద కూర్చుని ముగ్గురు పిల్లలు పుచ్చకాయ తింటున్నారు. పక్కనే వాళ్ల నాన్న మిలిటరీ దుస్తుల్లో బూటు తాడు కట్టుకుంటూ, చిన్నదాని గడ్డం మీద కారే రసం చూసి నవ్వుతున్నాడు. టక్కున నొక్కాను. అన్న ఆ ఫోటో చూసి, పెద్దది చేయించి, ఫ్రేము కట్టించి, స్టూడియో వీధివైపు అద్దంలో పెట్టాడు. కింద నా పేరు. తర్వాత ఆయన సెలవు మీద ఊరెళ్లాడు. వారం తిరక్కుండా ఇరాక్ సైన్యం వచ్చేసింది.

మూడో రోజున చిన్నమ్మ వచ్చింది. "ఒరే నాయనా, ఆ పటం దించేయ్‌రా. బాబా యాడికీ పోలేదు, ఇంట్లోనే ఉండాడు. వీళ్లు కువైటీ మిలిటరీ వాళ్ల కోసరం ఇల్లిల్లూ ఎతుకుతాండారు" అంది. ఆ గంటలోనే దించేశాను. చించడానికి మాత్రం చేతులు రాలేదు. అన్న పుస్తకంలోంచి చేప నమిలే పిల్ల పేజీని బ్లేడుతో కోసి, అదే ఫ్రేములో నా ఫోటో మీద పెట్టి బిగించాను.

ఒకనాడు ఒక సైనికుడు లోపలికొచ్చాడు. మనిషి తలుపంత ఉన్నాడు. (తలుపు చిన్నదే.) తుపాకీ నా బల్ల మీద పెట్టి, ఆ ఫ్రేము చేతిలోకి తీసుకుని, ఈ పిల్ల ఎవరని అడిగాడు. మంచుదేశం పిల్ల అన్నాను. ఆ వేడిలో ఆమె ఉన్ని టోపీని చాలాసేపు చూశాడు. వేలితో అద్దం మీద కొట్టాడు, ఆ పేజీ వెనకే నా ఫోటో. చివరికి "అక్కడ యుద్ధం ఉందా?" అన్నాడు. నాకు తెలిసి లేదన్నాను. ఫ్రేము బల్ల మీద పెట్టి, తుపాకీ తీసుకుని వెళ్లిపోయాడు.

పదిరోజుల తర్వాత చిన్నమ్మ మళ్లీ వచ్చింది. తెల్లారుతుండగా సైనికులు వచ్చి, మిద్దె మీద నీళ్ల ట్యాంకు వెనక దాక్కున్న బాబాను పట్టుకుపోయారట. "ఆ పటం ఉండాదా అని మామా అడగతాంది. ఆయన పటాలన్నీ భయపడి వాళ్లే కాల్చేసుకునిరి, ఒగటి కూడా మిగల్లేదు. నువ్వు చించేసింటే చించేసినాననే చెప్పు" అంది. ఫ్రేము విప్పి ఫోటో ఇచ్చాను. నల్ల ముసుగు కింద దాచుకుని వెళ్లింది. ఆయన తిరిగి రాలేదు.

ఇప్పుడు అసలు కల్పన ఏదో చెప్పాలి. సైనికుడు తలుపంత లేడు, నాకంటే పొట్టి. కానీ కల్పన అది కాదు. ఆ గంటలోనే దించేశానని రాశాను కదా, అదీ. చిన్నమ్మ చెప్పాక ఇంకా నాలుగు రోజులు ఉంచాను. నా పేరున్న మొదటి ఫోటో అది, వీధిన పోయేవాళ్లు ఆగి చూస్తున్నారు. నాలుగోనాడు చిన్నమ్మ మళ్లీ వచ్చి, అద్దం ముందు నిలబడి, ఒక్క మాటా అనకుండా వెళ్లిపోయింది. అప్పుడు దించాను. ఆ నాలుగు రోజుల్లో అక్కడ ఆగి చూసినవాళ్లెవరో నాకు తెలియదు.

చిన్నమ్మ ఇప్పుడు రాయచోటిలో ఉంది. నేనేం చెప్పినా సగం కోసి వినే మనిషి. ఈ ఒక్క సంగతి మాత్రం తనే పెంచి చెబుతుంది, ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ: "మావోడు ప్రాణానికి తెగించి ఆ పటం కాపాడినాడు." నేను అక్కడే ఉంటే, నా తెల్లజుట్టు సర్దుకుంటూ నవ్వి ఊరుకుంటాను.