బాబు మియా తడిమి తెచ్చిన గుర్రం

కీళ్లు సర్దే బాబు మియాకు ఒక్కటే గర్వం. ఎముక సంగతి కంటికి తెలియదు, వేళ్లకు తెలుస్తుంది అనేవాడు. మంచిర్యాలలో ఎవరి చెయ్యి బెణికినా, ఎవరి కాలు మడతపడినా కళ్లు మూసుకునే తడిమేవాడు. మనుషుల వరకు బాగానే ఉండేది. గుర్రాన్ని కూడా అట్లాగే ఎంచుకోవడంతో వచ్చింది తంటా.

ఆయన్ను ఊళ్లు తిప్పే ముసలి గుర్రం ఆ ఏడు వానల్లో చచ్చిపోయింది. హైదరాబాదులో పందేల నుంచి తీసేసిన గుర్రాలు దొరుకుతాయని ఎవరో చెబితే ఆయన రైలెక్కాడు. అక్కడ మూడింటిని చూపించారు. రోజంతా నడవాలంటే ఆ మోటుగా ఉన్నదాన్ని తీసుకో, తాపీగా పోతుంది అని గుర్రాలవాడు నెత్తీ నోరూ కొట్టుకున్నాడు. వింటే కదా! మన మియా కళ్లు మూసుకుని కాళ్లు తడిమాడు. ఎర్రగుర్రం మోకాళ్లు చేతికి తగలగానే మొహం వెలిగిపోయింది. అంత శుభ్రమైన కీళ్లు మనుషులకు కూడా ఉండవని, దాన్నే పట్టుకొచ్చాడు.

కాళ్లు సరే, దీని బుద్ధి ఎట్లాంటిదో కనుక్కున్నావా అని భార్య ఖుద్సియా అడిగింది. బుద్ధికి ఎముకలుంటేనా, పాపం ఆయన తడమడానికి!

ఆ వారంలోనే గోదారి పక్క ఊరి నుంచి కబురొచ్చింది. కుమ్మరి నాగయ్య మట్టిగుంతలో జారిపడ్డాడు. కుడి మోచేయి కీలు తప్పింది. బండెక్కిస్తే ప్రతి కుదుపుకూ గావుకేకలు పెడుతున్నాడట. వాపు ముదిరితే ఆ చెయ్యి ఇక కుండ మీదికి రాదు. వెంటనే బయలుదేరాడు బాబు మియా.

ఊరు దాటగానే గుర్రం అందుకున్న పరుగు చూడాలి! అబ్బో, మియా టోపీ ఎక్కడో పడిపోయింది. మైలు దూరం పోయాక అది టక్కున ఆగింది. దాని పందెం అంతవరకే మరి. మెడ తిప్పి, చెమట తుడిచే మనిషి కోసం చూసింది. మియా దిగి తన రుమాలుతోనే తుడిచాడు. బుజ్జగించాడు, తిట్టాడు, కాళ్లు కూడా ఒత్తాడు. అడుగు వేస్తే ఒట్టు. పొద్దు వాలుతోంది. నాగయ్య చెయ్యి కళ్లముందు మెదిలి మియాకు ఏడుపొక్కటే తక్కువ.

అప్పుడే చాకలి రాయమల్లు తన గాడిదలతో అటువైపు వచ్చి పక్కనుంచి దాటిపోయాడు. గుర్రం చెవులు నిక్కబొడుచుకున్నాయి. తన ముందు ఇంకెవరైనా పోతే ఓర్చుకోలేని జాతి అది! గబగబా కదిలింది. దాటిపోదామంటే అక్కడినుంచి బాట ఇరుకు, రెండు పక్కలా ముళ్లకంచెలు. ఏం చేస్తుంది? గాడిద తోకకు ముక్కు ఆనించి, ఊరి దాకా బుసకొడుతూనే నడిచింది. చేలల్లో కూలీలు నాట్లు ఆపి మరీ చూశారు. మియా తల ఎత్తలేదు.

నాగయ్య ఆయన్ను చూడగానే చెయ్యి బిగించేశాడు.

“నీ సంగతి నాకెర్కే మియా. మాటల్ల వెట్టి గుంజుతవు. నేను నవ్వ, మాట్లాడ.”

బిగిసిన చేతిని లాగితే ఉన్నది కాస్తా చెడుతుంది. నాగయ్య భార్య లింగవ్వ బతిమాలినా ఆయన సడలించలేదు. అసలే మియాకు ఒళ్లు పులిసిపోయింది, పరువు పోయింది. దాంతో ఉక్రోషమంతా కక్కేశాడు.

“మాటల్ల వెట్టుడు తర్వాత, ముందు నా పరేషాన్ జూడు. గాడిద ఎనుక వడి వచ్చిన. పందెపు గుర్రమెక్కి! ఊరంత జూసింది. రాయమల్లు మల్లి మల్లి ఎనుకకు దిరిగి, ‘జర మెల్లగ సాబ్, మా గాడిద బెదురుతది’ అంటుండు!”

ముందు లింగవ్వ కిసుక్కుమంది. నాగయ్య పళ్లు బిగబట్టాడు. మీసాలు వణికాయి, పొట్ట ఎగిరింది, ఇక ఆపుకోలేక భళ్లున నవ్వేశాడు. భుజం నుంచి వేళ్ల దాకా చెయ్యంతా సడలింది. మియా కళ్లు వాటంతటవే మూతపడ్డాయి. చేతులు ఆ మోచేతిని పట్టి గుంజాయి, కీలు లోపల చిన్న చప్పుడైంది. ఆయన హమ్మయ్య అనుకుని, నోరు మూసుకుని కూలబడ్డాడు.

“ఆగినవెందుకు? అటెన్క ఏమైందో జెప్పు” అన్నాడు నాగయ్య, ఆ కుడి చేత్తోనే కళ్లు తుడుచుకుంటూ.