ఏడో సీటు

ఉద్యోగ విరమణకు రెండేళ్ళ ముందు, వేసవిలో, సిడ్నీకి దక్షిణాన సముద్రతీరంలో ఉన్న ఒక చిన్న వినోదాల పార్కు తనిఖీ నాకు అప్పగించారు. అప్పుడు నేను సిడ్నీలోని పారమట్టా ప్రభుత్వ ఆఫీసులో సీనియర్ భద్రతా ఇన్‌స్పెక్టర్ని. మా హోదావాళ్ళకు ఒక అధికారం ఉంటుంది. ప్రమాదం ఉందనిపిస్తే అక్కడికక్కడే నిషేధ నోటీసు రాసి రైడ్‌ను ఆపేయవచ్చు. యజమాని ఎంత మొత్తుకున్నా మేము నోటీసు ఎత్తేసేదాకా అది తిరగదు.

ఆ పార్కులో జనం తప్పించుకు తిరిగే రైడ్ ఒకటుండేది. పొడవాటి ఇనుప దూలానికి పన్నెండు సీట్లు బిగించి, మనుషులను తలకిందులుగా తిప్పుతుంది. పిల్లలు దానికి వాంతుల బండి అని పేరు పెట్టారు. కొందరు క్యూలో సగం దాకా వచ్చి వెనక్కి మళ్ళేవారు. ఎక్కినవాళ్ళు మెడలు పట్టుకుని దిగేవారు. మా వృత్తిలో ఫిర్యాదు రెండు రకాలు: లోపం, అసౌకర్యం. లోపమైతే మరమ్మతు చేయిస్తాం, అసౌకర్యమైతే గేటు దగ్గర హెచ్చరిక బోర్డు పెట్టిస్తాం. అలాంటివి ఎక్కాలంటే నాకే భయం. అందుకని జనం చెప్పేదాంట్లో సగం భయమేనని తేలిగ్గా నమ్మేవాణ్ణి.

షెడ్యూలు ప్రకారం దూలం వెల్డింగులకు ఎర్రరంగు పరీక్ష చేయించాను. లోహం మీద ఎర్రటి ద్రవం పూసి, తుడిచి, పైన తెల్లటి పొడి చల్లుతారు. పగులుంటే ఎర్రగీత తేలుతుంది. ఏ గీతా తేలలేదు. సీట్లను దూలానికి పట్టి ఉంచే కింది బ్రాకెట్లు ఫైబర్ కవర్ల లోపల ఉంటాయి, వాటిని కంటితో చూస్తే చాలని షెడ్యూలులో ఉంది. సందుల్లోంచి టార్చి వేసి చూశాను, తేడా ఏమీ కనబడలేదు.

అక్కడ సీట్ల కడ్డీలు బిగించే ఉద్యోగిని పేరు మాధవి. ఏలూరు వైపు అమ్మాయి. చదువుకోడానికి వచ్చి, పర్మనెంట్ రెసిడెన్సీ తెచ్చుకుని, ఆ పార్కులో క్యాజువల్‌గా, గంటల లెక్కన పనిచేస్తోంది. నా బ్యాడ్జి మీద తెలుగు పేరు చూసి దగ్గరికొచ్చింది.

“అంకుల్, ఆ సెవెన్త్ సీట్ కవర్ తీసి ఒకసారి చెక్ చేయండి. అందులోంచి దిగినవాళ్ళంతా లెఫ్ట్ షోల్డరే పట్టుకుంటున్నారు. మిగతా సీట్స్‌లో అలా లేదండి.”

మేనేజరు కాస్త దూరంలో ఉన్నాడు. పక్క రైడ్ల మోతలో అతనికి తెలిసింది అంకుల్ అన్న పిలుపొక్కటే. నవ్వాడు. నాకు ఒళ్ళు మండింది. మనవాళ్ళ పిల్ల మాట మీద కవరు విప్పించాడని పేరు వస్తుందనుకున్నాను. అన్నేళ్ళుగా ఆ మాట పడకుండా నెట్టుకొచ్చినవాణ్ణి. మేనేజరుకు వినబడేలా ఆమెకు ఇంగ్లీషులో జవాబిచ్చాను: ఏదైనా ఉంటే లాగ్ పుస్తకంలో రాయాలి, అది కూడా ఊహించి కాదు, స్వయంగా తెలుసుకున్నదే రాయాలి. ఆమె సరేనండి అని వెళ్ళిపోయింది. నేను సంతకం పెట్టి కారెక్కాను.

తనిఖీ అయిన మూడో వారంలో ప్రమాదం జరిగింది. పార్కు తెరవకముందు ప్రతి రైడ్‌నూ ఖాళీగా రెండుసార్లు తిప్పాలి. ఆ ఉదయం మాధవి ఏడో సీట్లో కూర్చుంది. రెండోసారి తిరుగుతుండగా బ్రాకెట్ విరిగి సీటు ఒరిగింది. భద్రతా కడ్డీకీ దూలానికీ మధ్య ఆమె ఎడమ భుజం నలిగిపోయింది. ప్రాణం దక్కింది గానీ ఆ చెయ్యి మళ్ళీ పైకి లేవలేదు.

రూలు తప్పి కూర్చుంది కాబట్టి తప్పంతా ఆమెదేనని పార్కువాళ్ళు వాదించారు. మా దర్యాప్తు బృందం విరిగిన ముక్కను పరీక్షిస్తే పగులు లోపల నెలల నాటి తుప్పు కనిపించింది. అంటే నా తనిఖీ నాటికే ఆ పగులుంది. కానీ ఆమె నాకు ముందే చెప్పిన సంగతి ఎవరికీ తెలియదు. తెలుగు అర్థమయ్యేవాళ్ళు అక్కడ మేమిద్దరమే. ఆమె చెప్పినా నేను కాదంటే సాక్ష్యం లేదు. రెండు రోజులు నోరు విప్పలేదు. ఆ రెండు రోజుల సంగతి చెప్పుకోడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది. మూడో రోజు వాంగ్మూలం రాసిచ్చాను. ఆమె మీద నింద పోయింది. నన్ను ఫీల్డు పని నుంచి తప్పించారు, రిటైరయ్యేదాకా ఫైళ్ళు చూశాను.

విచారణ ముగిశాక ఆమె ఇంటికి వెళ్ళి, ఖాళీగా తిరగాల్సిన రైడ్‌లో ఎందుకు కూర్చున్నావమ్మా అని అడిగాను.

“గెస్ చేసి రాయొద్దన్నారు కదా అంకుల్. అందుకే కూర్చుని చూశాను.”

గొంతులో నిష్ఠూరం లేదు. నాకు మాత్రం తల ఎత్తబుద్ధి కాలేదు.

రైడ్ దిగిన మనిషి నొప్పి అంటే అది ఆ యంత్రం గురించిన సమాచారం. భయమో కాదో పరీక్ష తర్వాత తేల్చుకోవాలి. ఇది ఏ కొత్త ఇన్‌స్పెక్టరైనా నేర్చుకుంటాడు. నేను నేర్చుకున్నది వేరు. మనవాళ్ళ మాట వినకపోవడమే నిష్పక్షపాతం అనుకున్నాను. అదే సంగతి ఒక తెల్ల ఉద్యోగి ఇంగ్లీషులో చెప్పి ఉంటే, ఆ పూటే రైడ్ ఆపించేవాణ్ణి.