కాఫీ మిషన్‌కు ట్రాక్టర్ ట్యూబు

2012లో శంషాబాద్‌లోని మా ఇంట్లో జరిగిన సంగతి ఇది. ఎయిర్‌పోర్టు కాఫీ కొట్టులో పనిచేసే మా కోడలు సునీత ఇంటికొక ఎస్ప్రెసో మిషన్ కొన్నది. కొన్నాళ్లకు, పొడి నింపి తగిలించే పిడిగిన్నె అంచు నుంచి నీళ్లు కారడం మొదలైంది. సరిగ్గా ఆ రోజే బుద్వేల్ నుంచి ఆమె తండ్రి, మా వియ్యంకుడు, ఆ కాఫీ రుచి చూద్దామని వచ్చిండు.

"మామా, జర ఆగు, నేను చూస్త" అన్నది సునీత.

"నలభై ఏండ్లు బోరు మోటర్లు బాగుచేసినోణ్ని, నాకే చెప్తవా? వాషర్ అరిగింది, గంతే!" అని వియ్యంకుడి ముందే గర్జించిన. బడి మొహం చూడకుండా నేర్చిన పని నాది, పరువు పోనిస్తనా? పాత వాషర్ పీకేసి, ట్రాక్టర్ ట్యూబు ముక్కను గుండ్రంగా కోసి బిగించిన. చుక్క కారలేదు! మీసం దువ్వుకుంటూ మొదటి కప్పు వియ్యంకుడికే ఇచ్చిన.

ఆయన ఒక గుక్క తాగి, కప్పులోకి తొంగిచూసి, మెల్లగా అన్నడు: "బావా, లీకైతే ఆగింది గానీ, కాఫీ పంక్చర్ షాపు వాసనొస్తుంది."

సునీత నవ్వాపుకుంటూ నా ట్యూబు ముక్క తీసేసింది. వాషర్ కూసునే గాడిలో పేరుకున్న కాఫీపొడిని పాత బ్రష్షుతో గీకి, నేను పారేసిన వాషర్‌నే కడిగి పెట్టింది. ఇగ చుక్క కారితే ఒట్టు.

"ముందే చెప్పొచ్చు గదా బిడ్డా!" అని కోప్పడ్డ.

"చెప్పనిచ్చినవా మామా?"

అప్పటి నుంచి ఏది విప్పినా ముందు ఒక మాట అడుగుతున్న. అయినా నా ట్యూబు కూడా లీకు ఆపింది, ఆ ముక్క మాత్రం మా ఇంట్లో ఎవ్వరూ చెప్పరు!